మా ఇంట్లో అంటుకునే రోగం ఏది, అంటుకోనిది ఏది? వచ్చినవాళ్ళు తలకిందులుగా భయపడి పోయారు

మోటర్ మెకానిక్ (మర్రిగూడ దిక్కు):

నమస్తే. ప్రశ్న కొంచెం పొడుగైంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. నేను బోరు మోటర్లు రిపేరు చేసేవాణ్ణి, వైద్యం సంగతి నాకు తెలిసింది తక్కువ, తప్పు మాట్లాడితే చెప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు ముగ్గురు పేషెంట్లు. నాయినమ్మకు నడుము వంగిపోయి పదిహేనేళ్ళు దాటింది, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి, గోడ పట్టుకునే నడుస్తుంది. మా దిక్కు పాత మనుషుల్లో ఇది కొత్తేం కాదు, ఫ్లోరైడ్. అమ్మకు ఆరేళ్ళ నుంచి షుగర్. తమ్ముడికి రెండు నెలల నుంచి దగ్గు. ఊళ్ళో మేం డాక్టర్ అని పిలుచుకునే ఆయన దగ్గర మూడు సీసాల టానిక్ తాగాడు, తగ్గలేదు, చివరికి సర్కారు దవాఖానలో గళ్ళ పరీక్ష చేస్తే మొన్న సోమవారం టీబీ అని తేలింది. మందులు మొదలయ్యాయి.

అసలు సంగతి దానికి నాలుగు రోజుల ముందు జరిగింది. చెల్లెకు పెళ్ళిచూపులకని కల్వకుర్తి దిక్కు నుంచి ఏడుగురు వచ్చారు. ముందటి గదిలో తలుపులు కిటికీలు మూసి కూలర్ పెట్టి కూర్చోబెట్టాం. తమ్ముడు పిల్లగాడి మేనమామ పక్కనే కూర్చుని దగ్గుకుంటూనే గంటసేపు ముచ్చట పెట్టాడు, ఎవరికీ పట్టలేదు, "సర్ది చేసినట్టుంది బిడ్డా" అన్నారంతే. ఈలోపు లోపల్నుంచి నాయినమ్మ గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూలబడింది. ఇక చూడండి, చెల్లె తెచ్చిన నీళ్ళ గ్లాసులు ఏడుకు ఏడు పళ్ళెంలోనే ఉండిపోయాయి. ఒకామె కొంగు కూడా దగ్గరికి లాక్కుంది. పోయేటప్పుడు పెద్దాయన నన్ను పక్కకు పిలిచి "ఈ రోగం రక్తంలో వస్తదా, నీళ్ళతో అంటుకుంటదా, రేపు పుట్టే పిల్లల సంగతేంది" అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. మర్నాడు ఫోన్ చేసి ఆలోచించి చెప్తామన్నారు. ఆ మాటకు అర్థం మీకు తెలుసు.

ఇంకోటి. మా బిడ్డ ఎనిమిదో తరగతి, సైన్స్ నోట్సులో పేజీ మధ్య గీత గీసి ఒక పక్క అంటువ్యాధులు, ఇంకో పక్క అంటువ్యాధులు కానివి అని రాసుకుంది. "నాయినా, ముసలమ్మది ఏ పక్క రాయాలి? ఊళ్ళో అన్ని ఇండ్లల్లో ఉంది కదా, అంటుకోకపోతే అందరికీ ఎట్లా వచ్చింది?" అని అడిగింది. ఆ పెద్దాయన ప్రశ్న, దీని ప్రశ్న ఒకటే అనిపించింది.

మా ముగ్గురిలో ఎవరి రోగం ఎవరికి వస్తుంది, మిగతావాళ్ళం ఏం చేయాలి? ఆ కల్వకుర్తి వాళ్ళకు తమ్ముడి టీబీ సంగతి చెప్పాలా? చెప్తే సంబంధం పూర్తిగా పోతుంది, చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

దేవరకొండ దోస్త్:

అన్నా, సేఫ్ సైడ్ ముగ్గురికీ ప్లేట్లు గ్లాసులు వేరే పెట్టేయి. నీళ్ళు బాగా మసలబెట్టి తాగండి, ఫ్లోరైడ్ పోతది. వాళ్ళకు ఏం చెప్పకు, మనకెందుకు టెన్షన్.

పాత సూపర్‌వైజర్ (నల్లగొండ):

దోస్త్ మంచి మనసుతో చెప్పాడు గానీ చెప్పినవన్నీ తప్పే. నేను ముప్పై ఏళ్ళు హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ఊళ్ళు తిరిగాను, ఈ రెండు మాటలు ప్రతి ఊళ్ళో విన్నాను.

నీళ్ళు మరిగిస్తే కలరా, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, రాతిలోంచి కరిగి వచ్చిన లవణం. మరిగేకొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, అంటే ఇంకొంచెం చిక్కబడుతుంది. దాన్ని తీయాలంటే ఆర్వో కావాలి, లేదా పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి కావాలి. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన ఆ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అంటారు. గొప్పగా చెప్పుకునే పేరు కాదనుకోండి.

మెకానిక్ తమ్మీ, మీ బిడ్డ మంచి ప్రశ్న అడిగింది. ఊరంతా ఉందంటే ఒకరి నుంచి ఒకరికి పాకిందనే అర్థం రావాలని లేదు, ఊరంతా ఒకే నీళ్ళు తాగి ఉండొచ్చు. మోటర్లు దించేవాడివి, ఇది నాకంటే నీకు బాగా తెలుసు. మన నేల కింద గ్రానైటు. పూర్వం చేదబావుల్లో పైపైన నీళ్ళు తాగేవాళ్ళు, బావులు ఎండాక బోరు వేశారు, రెండు వందల అడుగులు పోయి ఆరు వందలకు దిగాం. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. మన దిక్కు చాలా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది.

ఆ పెద్దాయన "నీళ్ళతో అంటుకుంటదా" అన్న మాటలో సగం నిజం ఉంది. అది మనిషి నుంచి రాదు, నీళ్ళ నుంచే వస్తుంది, కానీ ఒక గ్లాసుతో కాదు, అవే నీళ్ళు ఏళ్ళకేళ్ళు తాగితే. రక్తంలో, వంశంలో వచ్చేది కాదు. మీ చెల్లె ఏ నీళ్ళు తాగి పెరిగిందో చూడాలి గానీ నాయినమ్మను చూసి లెక్క కట్టడం తప్పు. ఫ్లోరైడ్ వల్ల మచ్చలు పడే గారపళ్ళు కూడా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళ లోపు చిగురు కింద పళ్ళు తయారయ్యేటప్పుడు ఆ నీళ్ళు తాగితేనే వస్తాయి, పెద్దయ్యాక కొత్తగా రావు. ఇంకో మాట, కల్వకుర్తి దిక్కు కూడా నేల మనలాంటి రాతి నేలే, వాళ్ళ బోరు నీళ్ళు ఎప్పుడైనా పరీక్ష చేయించారేమో అడుగు.

మేం ఊళ్ళో ఫ్లోరోసిస్, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు, చూడటానికి మిషన్లేం పట్టుకెళ్ళేవాళ్ళం కాదు. ఒక రూపాయి బిళ్ళ నేల మీద వేసి మోకాళ్ళు వంచకుండా తీయమనేవాళ్ళం. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనేవాళ్ళం. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనేవాళ్ళం. ఈ మూడిట్లో ఏది చేయలేకపోయినా పేరు రాసుకుని ఎక్స్‌రేకి పంపేవాళ్ళం. ఎక్స్‌రేలో ఎముక మామూలు కంటే తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా గట్టిపడి గీతలా తేలుతుంది. ఒకసారి బిగుసుకున్న ఎముక మళ్ళీ వెనక్కి రాదు, దీనికి మందు లేదు, ముందుజాగ్రత్తే ఉంది: మంచి నీళ్ళు, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువ బయటికి పోతుందని హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ వాళ్ళు పిల్లల మీద చూశారు, అలాగని పులుసు తాగుతూ బోరు నీళ్ళు తాగమని కాదు.

ఒక హెచ్చరిక మాత్రం పెట్టుకో. వెన్నుపూసకు టీబీ వచ్చినా నడుము వంగుతుంది. నాయినమ్మది పదిహేనేళ్ళ నాటిది, మెడ కూడా బిగిసింది కాబట్టి ఫ్లోరైడే అయి ఉంటుంది, కానీ ఈ మధ్య కొత్తగా నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎక్స్‌రే తీయించు, ఇంట్లో టీబీ ఉందని డాక్టరుకు చెప్పు.

ఇక తమ్ముడిది. ఇది అంటుకునేదే, కానీ కంచంతో, గ్లాసుతో, దుప్పటితో, చేయి కలిపితే కాదు. గాలితో. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళు దగ్గితే, గట్టిగా మాట్లాడినా, కంటికి కనపడని తుంపరలు గాలిలో తేలతాయి. ఆరుబయట అవి చెదిరిపోతాయి, ఎండకు చస్తాయి. తలుపులు మూసి కూలర్ పెట్టిన గదిలో అదే గాలి తిరుగుతుంటుంది. అందుకే కంచం వేరు పెట్టడం కంటే కిటికీ తెరవడం ముఖ్యం. మాస్కు వేసుకోమను, మూత ఉన్న డబ్బాలో ఉమ్మమను. సరైన మందులు మొదలయ్యాక రెండు వారాలకే ఇతరులకు అంటించే గుణం చాలావరకు పోతుంది. కానీ మందు ఆరు నెలలూ మింగాలి. మూడో వారానికే దగ్గు తగ్గి ఒళ్ళు పట్టి "బాగైంది" అని మానేస్తారు, అక్కడే చెడిపోతుంది, మిగిలిన క్రిములు ముదిరి ఆ మందుకు లొంగవు. మూత్రం ఎర్రగా వస్తుంది, అది గోలీ రంగు, భయపడొద్దని ముందే చెప్పు. మందులు ఉచితం, తిండికి నెలకు 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు, బ్యాంకు ఖాతా వివరాలు దవాఖానలో ఇవ్వు.

ఇప్పుడు మీ ఇంట్లో అసలు జాగ్రత్త పడాల్సింది అమ్మ. షుగర్ అంటుకోదు, కానీ షుగర్ ఉన్న ఒంటికి టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. అమ్మకు, పిల్లలకు, నీకు, అందరికీ పరీక్ష చేయించు. టీబీ లేదని తేలినవాళ్ళకు రాకుండా ఉండే మందు కూడా ఇస్తారు, అడుగు.

కల్వకుర్తి వాళ్ళకు చెప్పు. గంటసేపు కూర్చున్నంత మాత్రాన అందరికీ వస్తుందని కాదు, టీబీ ఎక్కువగా రోజూ ఒకే గదిలో ఉండేవాళ్ళకు వస్తుంది, క్రిమి ఒంట్లో చేరినా అందరికీ జబ్బుగా మారదు. అయినా పక్కనే కూర్చున్న మేనమామకు తెలియాలి, రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయించుకుంటాడు.

పాలమూరు పోరడు (అచ్చంపేట):

ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా నాయిన పాలమూరు లేబర్, డ్యాముల పనులకు, సొరంగాలకు, ఆఖర్న రాళ్ళ క్రషర్‌కు పోయాడు. నలభై ఐదేళ్ళకే నాలుగడుగులు వేస్తే ఆయాసం, దగ్గు. ఒక చోట టీబీ అన్నారు, ఆరు నెలలు మింగాడు. తగ్గలేదు. ఇంకో చోట మళ్ళీ టీబీ అన్నారు, మళ్ళీ మింగాడు. ఆ ఏడాదిన్నర మా అమ్మ ఆయన్ని పశువుల కొట్టంలో మంచం వేసి పడుకోబెట్టింది, మమ్మల్ని గడప దాటి అటు పోనిచ్చేది కాదు. ఆమె తప్పు లేదు, నలుగురు పిల్లలం, ఊళ్ళో అందరూ అదే చెప్పారు.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి మొదట అడిగిన ప్రశ్న "ఏం పని చేసేవాడివి?" అప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. సిలికోసిస్ అన్నాడు. రాయి పగిలినప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడుతుంది, మళ్ళీ బయటికి రాదు, ఎవరికీ అంటుకోదు. ఇంటికొచ్చిన రోజు నాయిన మా చెల్లెను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు, అది అప్పటికే ఒళ్ళో కూర్చునే వయసు దాటిపోయింది.

సూపర్‌వైజర్ సార్, ఒక డౌట్, సిలికోసిస్ ఉన్నవాళ్ళకు నిజంగా టీబీ కూడా వస్తుందా? మా నాయినకు మొదటిసారి నిజంగానే ఉండి ఉంటుందా?

పాత సూపర్‌వైజర్:

వస్తుంది బాబూ, మామూలు మనిషి కంటే బాగా ఎక్కువ. దుమ్ము గట్టిపడ్డ ఊపిరితిత్తి టీబీ క్రిమితో పోరాడలేదు. మీ నాయినకు మొదటిసారి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, గళ్ళలో క్రిమి కనపడిందా, లేక ఎక్స్‌రే చూసే మందులు రాశారా అన్నదాన్ని బట్టి ఉంటుంది, పాత చీటీలు ఉంటే చూపించు. ఇప్పటికీ దగ్గు కొత్తగా ఎక్కువైతే టీబీ పరీక్ష మళ్ళీ చేయించాల్సిందే. క్రషర్ పనికి పోయేవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే చెప్పు, మూతికి తువ్వాలు కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. రాయి మీద నీళ్ళు చల్లుతూ పగలగొట్టాలి, సరైన మాస్కు యజమాని ఇవ్వాలి, అడిగి తీసుకోవాలి.

సైన్స్ టీచరమ్మ (నకిరేకల్):

మెకానిక్ గారూ, మీ పాప గీసిన గీత నేను కూడా బోర్డు మీద ఏటా గీస్తాను, గీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి దాన్ని చెరిపేసే ప్రశ్న అడుగుతారు. పోయినేడు ఒకడు "టీచర్, మా తాతకు ధనుర్వాతం వచ్చింది, మాకెవరికీ రాలేదు, మరి అంటువ్యాధి పక్క ఎందుకు రాశారు" అన్నాడు. వాడు అడిగింది సరైనదే. ధనుర్వాతం క్రిమి వల్లే వస్తుంది, కానీ మట్టి, తుప్పు అంటిన గాయం లోంచి, పక్క మనిషి నుంచి కాదు. క్రిమి వల్ల వచ్చేదంతా ముట్టుకుంటే వచ్చేది కాదు. అందుకే నేను ఇప్పుడు "ఏ దారిన వచ్చింది" అని ఒక్కో రోగం పక్కన రాయిస్తాను: గాలి, నీళ్ళు, దోమ, కుక్క కాటు, రక్తం. దారి తెలిస్తే ఎక్కడ అడ్డం కట్టాలో తెలుస్తుంది. కుక్క కరిస్తే పసుపు, సున్నం పెట్టకుండా సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి అదే రోజు సూదికి పోవాలని మాత్రం పిల్లలతో నోటికి చెప్పించాను, ఎందుకంటే రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం.

దోమల సంగతి మన దిక్కు వేరే చెప్పాలి. బోదకాలు తెచ్చే దోమ మురికి నీళ్ళలో పెరుగుతుంది, రాత్రి కుడుతుంది. డెంగీ దోమ అట్లా కాదు, మంచి నీళ్ళ గోలెం, కూలర్, మేడ మీద పాత టైరు చాలు, కుట్టేది పగటిపూట. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు, అందుకే వారానికోసారి, ఫ్రైడే డ్రైడే అంటారు. కానీ చాలామంది గోలెం ఒంపేసి మళ్ళీ నింపుతారు. గుడ్లు గోడకు అంటుకుని ఎండలో నెలల తరబడి కూడా ఉండగలవు, నీళ్ళు తగలగానే పగులుతాయి. పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. మీ ముందటి గది కూలర్ కూడా చూడండి.

అంటుకోని పక్కన ఉన్నవాటికి మనం భయపడం, అదే చిక్కు. బీపీకి దగ్గు లేదు, దురద లేదు, వాసన లేదు. మా ఇంటాయనకు పక్షవాతం వచ్చాకే బీపీ ఉందని తెలిసింది, నేను సైన్స్ టీచర్ని, నాకే తెలియలేదు. ముప్పై దాటినవాళ్ళకు ఊళ్ళో ఏఎన్‌ఎం దగ్గరే బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఉప్పు రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదంటారు, మన ఆవకాయ, అప్పడం, సాయంత్రం మిర్చి బజ్జీ కలిపితే ఇట్టే దాటిపోతుంది. బీడీ, తంబాకు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గీతకు అటూ ఇటూ కూర్చునేవి కూడా ఉన్నాయి. కేన్సర్ అంటుకోదు, కానీ గర్భాశయ ముఖద్వారం కేన్సర్‌కు మూలం ఒక వైరస్, హెచ్‌పీవీ, అది అంటుకునేదే. దానికి 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా ఉంది. మీ పాప ఎనిమిదో తరగతి అన్నారు కాబట్టి గుర్తొచ్చి రాస్తున్నాను, డాక్టరును అడగండి.

దేవరకొండ దోస్త్:

సారీ అన్నా, తెలియక రాశాను. మా ఇంట్లో పదేళ్ళ నుంచి మసలబెట్టుకునే తాగుతున్నాం, ఫ్లోరైడ్ పోతుందనే నమ్మకంతో. ఈ ముక్క మా అమ్మకు చదివి వినిపించాను, కట్టెల ఖర్చు ఎవరిస్తారని తిట్టింది.

మోటర్ మెకానిక్:

అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను, మూడు రోజులు తిరగడమే సరిపోయింది.

అమ్మకు, నాకు, నా భార్యకు, పిల్లలకు పరీక్షలయ్యాయి, ఎవరికీ టీబీ లేదు. రాకుండా మందు మొదలుపెడతామన్నారు. అమ్మ షుగర్ మాత్రం చాలా ఎక్కువ ఉంది, గోలీ రోజు విడిచి రోజు వేసుకుంటోందట, "బాగానే ఉన్నా కదా" అని. తమ్ముడి మంచం వసారాలోకి మార్చాం, కంచం అందరితోనే. మూత్రం ఎర్రగా వచ్చిందని రెండో రోజే ఫోన్ చేశాడు, మీరు ముందే చెప్పారు కాబట్టి నవ్వాను.

కల్వకుర్తికి ఫోన్ చేశాను. మేనమామతోనే మాట్లాడాను. టీబీ అనగానే కొంచెంసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత "మా ఇంటిపక్కాయనకు కూడా ఉండె, ఇప్పుడు లారీ నడుపుతున్నడు" అన్నాడు. నాయినమ్మది ఎందుకు అంటుకోదో కూడా చెప్పాను, బోరు లోతు గురించి చెప్తుంటే ఆయన మధ్యలో ఆపి వాళ్ళ బోరు ఎనిమిది వందల అడుగులు అన్నాడు. సంబంధం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పాత సూపర్‌వైజర్:

మంచి పని చేశావు. ఒకటి అడగడం మరిచాను. మీ ఇంటికి సర్కారు ఇచ్చిన మిషన్ భగీరథ నల్లా ఉంది కదా, కృష్ణా నీళ్ళు. తాగడానికి వాడుతున్నారు సరే, వండటానికి ఏ నీళ్ళు?

మోటర్ మెకానిక్:

సార్, మీ ప్రశ్న చూసి ఇంట్లో అడిగాను. అన్నం, పప్పు నల్లా నీళ్ళతోనే. కానీ నాయినమ్మ వెనక వాకిట్లో చిన్న బిందె పెట్టుకుంది, అందులో బోరు నీళ్ళు. నల్లా నీళ్ళు మందు వాసన వస్తాయట, ఆమె చాయ్ మాత్రం బోరు నీళ్ళతోనే కాచుకుంటుంది. రోజుకు నాలుగుసార్లు. పాలు కూడా పోసుకోదు, నల్ల చాయే. ఇన్నాళ్ళూ ఆ బిందె నింపింది నేను దించిన మోటరే.

పాత సూపర్‌వైజర్:

ఆ వాసన క్లోరిన్‌ది, తమ్మీ. రాత్రి బిందె నింపి మూత కొంచెం ఓరగా పెట్టి, పైన గుడ్డ కట్టి ఉంచు, తెల్లారేసరికి పోతుంది. చాయ్ ఆకులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, కాబట్టి నాలుగు కాస్తా రెండు చేయించగలిగితే చూడు, పాలు పోయించు.

మోటర్ మెకానిక్:

నిన్న రాత్రి నల్లా నీళ్ళు పట్టి అట్లాగే పెట్టాను, ఆమెకు చెప్పలేదు. పొద్దున చాయ్ తాగి ఏమీ అనలేదు. రెండో గ్లాసు కూడా అడిగింది.